చాటింపు పడేలోపు

తిరుపతిలో గంగ జాతర మే నెలలో వస్తుంది. బడులకు సెలవులు, బజారునిండా మామిడిపండ్లు, పది దాటితే వీధిలో చెప్పుల్లేకుండా నిలబడలేని ఎండ, అన్నీ ఒక్కసారే. ఈసారి చాటింపుకు ఇంకా వారం పది రోజులు ఉందనగానే మా ఇంట్లో తగాదా మొదలైంది. ఒకవైపు మా ఆవిడ. తాతయ్యగుంట గంగమ్మ గుడికి కూతవేటు దూరంలో పుట్టి పెరిగిన మనిషి, పిల్లల వార్డులో నర్సు. రెండోవైపు ఆమె తమ్ముడు. బెంగుళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం, నాలుగేళ్ళ కొడుకు, ఈమధ్యే నడక వచ్చిన కూతురు. ఫోను స్పీకరులో పెట్టి చిక్కుడుకాయలు ఒలుస్తా మాట్లాడటం మా ఆవిడకు అలవాటు. అట్లా ఇద్దరి మాటలూ నా చెవిన పడ్డాయి. విన్నది విన్నట్టే రాస్తున్నాను. ఒకటి రెండు చోట్ల కత్తెర వేయక తప్పలేదు. గురువారం, శుక్రవారం వేషాల సంగతి తెలిసినవాళ్ళకు అదెందుకో చెప్పక్కర్లేదు.

తమ్ముడు: సోమవారం రాత్రి బయల్దేరతామక్కా. మంగళవారం జాతర, బుధవారం తెల్లారుజామున అమ్మవారి మట్టి ముఖానికి చెంప తొలగింపు, మధ్యాహ్నానికి మళ్ళీ బండెక్కేస్తాం. రెండు రోజులు సెలవు రాసేశా.

అక్క: నువ్వు రా, మరదల్ని తీసుకొనిరా. పిలకాయల్ని మాత్రం మంగళవారం గుడి దగ్గరికి తేబాక.

తమ్ముడు: నువ్వేనా ఈ మాట అనేది? అమ్మ పొంగలి పెడతా ఉంటే పొయ్యిలోకి పుల్లలు ఎగదోసింది నువ్వు కాదా? నన్ను నాయన భుజాల మీద ఎక్కించుకొని సప్పరాలు చూపించినాడు. మనకేమైంది?

అక్క: మనకేమైంది అనే మాట వార్డులో దినామూ వింటా ఉంటానురా. ఏమీ కానోళ్ళే ఆ మాట చెప్పేది. అప్పటి తిరుపతి వేరు. జాతరనాడు కూడా ఎవరి బిడ్డ ఎవరో వీధిలో అందరికీ తెలుసు. తప్పిపోతే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకొని తెచ్చి గడపలో నిలబెట్టేవాళ్ళు. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళే కాదు, తమిళనాడు నుంచి కూడా జనం దిగతారు. బారికేడ్లు కట్టి లైన్లో పంపిస్తారు. మధ్యలో ఇరుక్కుంటే ముందుకూ పోలేవు, వెనక్కీ రాలేవు. సప్పరం ఎత్తుకున్న మనిషికి కాళ్ళ దగ్గర ఏముందో కనబడదు, వెదురు బద్దల గోపురం నెత్తినుంచి కిందికి దిగేసుకొని ఉంటాడు. నీ చిన్నది ఎంత ఎత్తు?

తమ్ముడు: నా మోకాలి మీదికి వస్తుంది.

అక్క: మంగళవారం ఆ ఎత్తులో ఒక్క నిమిషం గొంతుక్కూర్చొని చూడు. గాలి ఆడదు. కింద తారు సెగ, చుట్టూ కాళ్ళు. చంటిబిడ్డ ఒళ్ళు మనకన్నా తొందరగా వేడెక్కుతుంది, ఒంట్లో నీళ్ళు తొందరగా అయిపోతాయి. దప్పిక అని చెప్పటం రాదు. ఏడిస్తే పలకల మోతలో నీకు వినబడదు. ఏడుపు ఆపేసి తల వాల్చేస్తే నిద్రపోయిందిలే అనుకుంటావు.

తమ్ముడు: ఊరికే భయపెట్టబాక. ఎండపూట ఇంట్లోనే ఉంచుతాం. సాయంత్రం పోతాం. ఓఆర్ఎస్ తెస్తాం.

అక్క: ఎట్లా కలుపుతావు?

తమ్ముడు: ఎట్లా ఏముంది? ప్యాకెట్టు చించి బాటిల్లో వేసి ఊపటమే.

అక్క: ఏ బాటిలు? చేతిలో పట్టేదా? పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్ళకు. అర లీటరులో మొత్తం దులిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ఇంకో తంటా. ఆరు గంటలుగా ఉచ్చ పోయలేదంటే బాటిలు పక్కన పెట్టి ఆస్పత్రికి రావాలి. సాయంత్రం అంటావా, పగలు దాక్కున్న జనమంతా వీధిలోకి వచ్చేది అప్పుడే.

(ఈ విషయంలో మా ఆవిడతో వాదించి గెలిచినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. తమ్ముడు కూడా దారి మార్చాడు.)

తమ్ముడు: సరే, నేనెందుకు పట్టుపడతా ఉన్నానో విను. వాడు 'పుష్ప 2' పాట పెట్టించుకొని, వాళ్ళమ్మ చున్నీ చుట్టుకొని, సోఫా మీద ఎగురుతా ఉంటాడు. మాతంగి వేషం కట్టింది అల్లు అర్జున్ అనే వాడికి తెలుసు. గంగమ్మ మన వీధి అమ్మవారనీ, వాళ్ళ నాయన కూడా చిన్నప్పుడు ఒంటినిండా బొగ్గు పూసుకొని తిరిగినాడనీ తెలీదు. ఎట్లా తెలుస్తుంది? బెంగుళూరు అపార్టుమెంట్లో పండగంటే క్లబ్ హౌసులో భోజనం. నా పిల్లలకు ఊరంటే ఏమిటో ఒక్కరోజైనా ఒంటికి తగలాల. ఎండ తగిలితే తగలనీ.

అక్క: ఒక్కరోజు. అదీ ఆఖరి రోజు. సినిమా వద్దంటివే, నువ్వు చూపించేది ఇంకేమిరా? క్లైమాక్సు చూపించి తీసుకుపోతానంటా ఉండావు.

తమ్ముడు: జాతర మంగళవారమే కదా!

అక్క: ఎవరు చెప్పినారు? ముందు మంగళవారం రాత్రి చాటింపు పడినప్పుడే మొదలైంది జాతర. బుధవారం బైరాగి వేషం, ఒంటికి నామాల సుద్ద పూసుకుంటారు. గురువారం బండ, కుంకుమ. శుక్రవారం తోటి, బొగ్గూ వేపాకూ. శనివారం దొర, గంధం. ఆదివారం మాతంగి. సోమవారం సున్నపుకుండలు. ఇది నీకు నేను చెప్పాల్నా? కైకాలోళ్ళు వేషం కట్టి వీధి వీధీ తిరిగి గడప గడపకూ వస్తారు. కాళ్ళకు పసుపు నీళ్ళు పోసి, హారతి ఇచ్చి పంపిస్తాం. బిడ్డ నాయనమ్మ ఒళ్ళో ఉంటుంది. అక్కడే నీడ, అక్కడే మంచినీళ్ళు. భయపడితే లోపలికి తీసుకుపోవచ్చు, సరదా పుడితే మళ్ళీ బయటికి రావచ్చు. గంగమ్మే ఇంటికొస్తా ఉంటే, జనంలో బిడ్డను నలిపేసుకుంటా ఆమె దగ్గరికి పోవటం ఏమిటికి?

తమ్ముడు: నాలుగేళ్ళోడికి ఈ వరస అర్థమవుతుందా?

అక్క: నీకన్నా బాగా అర్థమవుతుంది. కథ చెప్పు వాడికి. ఊళ్ళో ఆడపిల్లల్ని ఏడిపించే పాళెగాడు ఒకడు ఉన్నాడు. అవిలాలలో పుట్టి, కైకాలోళ్ళ ఇంట్లో పెరిగిన గంగమ్మ మీద కూడా చెయ్యి వేయబోయినాడు. ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. ఆమె దినానికో వేషంలో వెతుకుతా వచ్చింది. దొర వేషం కట్టేసరికి, ఎవరో పెద్ద దొర వచ్చినాడని వాడే బయటికి వచ్చినాడు. వచ్చినోడి తల నరికింది. ఇది దాగుడుమూతలు కాక మరేంది? ఈ రోజు సుద్దలో ఉన్నాయన రేపు బొగ్గులో వస్తాడని తెలిస్తే, పిల్లోడు పొద్దున లేస్తూనే వాకిట్లో కూర్చుంటాడు. ఇంకో మాట. పాళెగాడి పని శనివారమే అయిపోయింది. ఆదివారం మాతంగిగా వచ్చి వాడి పెండ్లాన్ని ఓదార్చింది. నువ్వు సోమవారం రాత్రి బయల్దేరితే నీ కొడుక్కి కథే మిగల్లేదు.

తమ్ముడు కాసేపు పలకలేదు. బెంగుళూరు వైపు ఎవరో కుక్కరు దించిన చప్పుడు. నాకైతే ఇది తిరుగులేని మాటే అనిపించింది. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో కాపురం చేస్తున్నా, శనివారం కథ ముగిసిపోతే మంగళవారం దాకా జనం ఎందుకు ఉంటారని నేనెప్పుడూ ఆలోచించలేదు.

తమ్ముడు: వారమంతా రమ్మంటావు, బాగానే ఉంది. గురువారం, శుక్రవారం బూతుల సంగతేమిటి? వాడు 'ఛీ' అంటేనే వాళ్ళమ్మ గోడకు మొహం పెట్టించి నిలబెడతా ఉంది. ఇక్కడికొచ్చి బండ వేషం వాళ్ళ వెంట పడితే ఏమేం నేర్చుకుంటాడు?

అక్క: నువ్వేం నేర్చుకున్నావో చెప్పనా? ఆరేళ్ళప్పుడు ఎదురింటి రెడ్డి తాతను పట్టుకొని... (కత్తెర.) తాత నవ్వి నీకు పిప్పరమెంటు ఇచ్చినాడు. ఆదివారం అదే మాట మళ్ళీ అన్నావు. అమ్మ చీపురు తిరగేసింది.

తమ్ముడు: అదే నేను చెప్పేది.

అక్క: నేను చెప్పేదీ అదే. వేషంలో ఉన్నప్పుడు చెల్లింది, కడిగేసుకున్నాక చెల్లలేదు. ఆ తేడా ఆ దినమే నీకు తెలిసింది.

తమ్ముడు: ఆరేళ్ళకు తెలిసింది, నాలుగేళ్ళకు తెలీదు. సెలవులయినాక ప్లేస్కూల్లో టీచరమ్మను అంటాడు. సరే, అది చిన్న విషయమనుకో. పెద్ద విషయం చెప్తా. తాగేసి, నోట్లో బూర పెట్టుకొని, ఆడపిల్లల చెవి దగ్గర ఊదేవాళ్ళు ఉంటారే, ఏమన్నా అంటే జాతర కదా అంటారే. నీ కూతురు ఒకసారి ఏడుస్తా ఇంటికి రాలేదా? ఆడపిల్లల్ని ఏడిపించినోణ్ణి చంపిన అమ్మవారి జాతరలో ఈ పని. నా కూతురికి ఊహ వచ్చినాక ఆమెను ఏ మొహం పెట్టుకొని తీసుకురావాల?

అక్క: వాళ్ళు వేషం కట్టినోళ్ళు కాదురా. వేషం కట్టినోణ్ణి మనం గంగమ్మా అని పిలుస్తాం. పేరు పెట్టి కూడా పిలవం.

తమ్ముడు: అది నీకు తెలుసు. బిడ్డకు ఎట్లా తెలుస్తుంది, ఎవరు గంగమ్మో, ఎవరు తాగుబోతో? ఇద్దరి మొహానికీ కుంకుమే కదా.

అక్క: తెలీదు. అది ఒప్పుకుంటా.

(ఇది నేను కూడా ఒప్పుకుంటాను. జాతరలో బూతుకు ఒక చోటుంది, పెద్దవాళ్ళకు దాని తంతు తెలుసు. తంతు తెలియని కుర్రవాళ్ళ చేతిలో అది బూర ఊదటానికి లైసెన్సు అయింది. పోలీసులు బూరలు గుంజుకుంటే సరిపోదు. ఇంట్లో మగపిల్లవాడికి వేషం కట్టించేటప్పుడే ఆ మాట చెప్పాలి. మా ఆవిడ తర్వాతి మాట దాదాపు అదే.)

అక్క: అందుకే చెప్తా ఉండా, చూసేదానికి తేబాక, కట్టించేదానికి తే. నెత్తిన కొంగు కప్పుకొని, నువ్వే గంగమ్మవిరా అని నలుగురితో కాళ్ళకు నీళ్ళు పోయించుకున్న మగబిడ్డ రేపు ఆడపిల్ల చెవిలో బూర ఊదడు. ఊదితే ఆ చెంప నేను పగలగొడతా, అది వేరే.

తమ్ముడు: ఫ్లూకిగర్ అని అమెరికాలో ప్రొఫెసరు ఉందిలే, ఈ జాతర మీదే పుస్తకం రాసింది, 2013లో వచ్చింది. చీర కట్టి జడ వేసుకున్న మగవాళ్ళు ఆ కాసేపు లోకాన్ని ఇంకో వైపు నుంచి చూస్తారని ఆమె కూడా...

అక్క: అమ్మ చెప్తే వినలేదు గానీ అమెరికా ఆమె చెప్తే విన్నావు. మంచిదే. మరదలికేమన్నా ఇబ్బందా, మగపిల్లోడికి చీర కడితే?

తమ్ముడు: దానికా? పూలు ఎక్కడ దొరకతాయని అడగతా ఉంది. ఇబ్బంది అంతా బొగ్గుతోనే. అసలు విషయం చెప్పనే లేదు, అమ్మ మొక్కు ఉండాది.

అక్క: ఏం మొక్కు?

తమ్ముడు: పోయిన ఎండాకాలం వాడికి ఆటలమ్మ పోసింది కదా. ఒళ్ళంతా పొక్కులు, మూడు రాత్రులు జ్వరం. అమ్మ అప్పుడే మొక్కేసింది, తోటి వేషం కట్టిస్తానని. నాకు మొన్న చెప్పింది.

అక్క: నాకు ఇప్పుడు నువ్వు చెప్తా ఉండావు! మొక్కుంటే కట్టాల్సిందే. (గొంతు ఇక్కడ పూర్తిగా మారిపోయింది.) మశూచి ఊళ్ళు తుడిచిపెట్టిన కాలంలో, ఎండలు ముదిరితే అమ్మ పోస్తుందని భయపడిన కాలంలో పుట్టిన మొక్కురా అది. మశూచి మన దేశంలో 1975తో ఆఖరు, ప్రపంచంలోనే లేదని 1980లో చెప్పేసినారు. తట్టుకు తొమ్మిది నెలలకే సూది వేస్తా ఉండాం. అయినా పొక్కులు పోసిన బిడ్డ దగ్గర రాత్రంతా కూర్చున్న ముసలామె చేతికి సూది ఎట్లా వస్తుంది? వేపమండ వస్తుంది. ఆమె మొక్కును నేను కాదనను. నీ చిన్నదానికి తట్టు సూది రెండో డోసు వేయించినావా?

తమ్ముడు: వచ్చే నెల.

అక్క: ఈ నెలలోనే టైము అయింటే ఈ నెలలోనే వేయించు. జాతరకు వచ్చే ముందు ఏ బిడ్డకు జ్వరం తగిలినా, ఒంటి మీద పొక్కు కనబడినా ప్రయాణం ఆపెయ్. మన బిడ్డకోసమే కాదు. పొక్కులు ఎండి పెచ్చు కట్టేదాకా పక్కనోళ్ళ బిడ్డకు అంటుకుంటుంది. ఇప్పుడు తోటి వేషం సంగతి చెప్తా, రాసుకో. తెల్లారి ఐదున్నరకు లేపాల. ముందు ఒంటికి కొబ్బరినూనె పట్టించి, బొగ్గు మెత్తగా నూరి, గుడ్డలో జల్లించి, అరచేత్తో పుయ్యాల. కండ్ల చుట్టూ ఒక వేలు వెడల్పు వదిలెయ్. చేతులకు మణికట్టు దాకానే, వేళ్ళకు వద్దు, వేళ్ళు కండ్లలో పెట్టుకుంటాడు. వేపమండలు తెచ్చినాక ఒకసారి గట్టిగా విదిలించు, ఎర్రచీమలు ఉంటాయి. మండ కాడ మెడకు గీసుకుంటుంది, లోపల పాత పంచె ముక్క కట్టు. ఇంకొకటి, ముందే అద్దం చూపించబాక. నల్లటి మొహం ఒక్కసారిగా చూస్తే జడుసుకుంటాడు. మొదట వాడి చేత్తో నీ మొహానికి పూయించుకో. నువ్వు నల్లగా అయిపోయినాక వాడికి నవ్వొస్తుంది. అప్పుడు నాకూ పుయ్యమని వాడే అడుగుతాడు.

తమ్ముడు: అంటే నేను కూడా కట్టాల్నా?

అక్క: మరి? ఎండ తగిలితే తగలనీ అన్నావే. ఆరు గంటలకంతా వేషాలమ్మ గుడికి పోయి, అక్కడినుంచి గంగమ్మ దగ్గర టెంకాయ కొట్టి, ఏడున్నరకు ఇంటికి రావాల. వాకిట్లో బకెట్టు పెట్టి ఉంటా. మొక్కు తీరింది, ఎండ ఎక్కలేదు, జనం లేరు.

తమ్ముడు: తోటి వేషం శుక్రవారం. సెలవు మంగళవారం, బుధవారం.

అక్క: మార్చుకో.

తమ్ముడు: శుక్రవారం ఒక్కరోజు వచ్చి పోతే?

అక్క: మళ్ళీ ఒక్కరోజేనా? ముందు మంగళవారమే వచ్చెయ్, చాటింపు పడేలోపు.

తమ్ముడు: ఆ... ఇప్పుడు తెలిసింది నీ ఎత్తు. చాటింపు విన్నోళ్ళు జాతర ముగిసేదాకా ఊరు దాటకూడదు. వారమంతా కట్టి పడేద్దామనుకుంటా ఉండావు.

అక్క: నేను కాదు, ఊరు కట్టి పడేస్తుంది. మీది ఇంటినుంచి చేసే ఉద్యోగమే కదా. మిద్దెమీద గది ఖాళీగా ఉండాది, ఫ్యాను తిరుగుతుంది, బావ నెట్ పెట్టించినాడు. పగలు నువ్వు మీటింగుల్లో కూర్చో, పిలకాయలు కింద మా దగ్గర ఉంటారు. పొద్దునా సాయంత్రం వేషం వీధిలోకి వచ్చినప్పుడు కిందికి దిగిరా.

తమ్ముడు: మీటింగులో వెనకాల పలకలు వినబడితే?

అక్క: వినబడనీ. వాళ్ళకు కూడా తెలుస్తుంది మీ ఊళ్ళో జాతర అని.

తమ్ముడు: సోమవారం సున్నపుకుండలకు వాడు జడుసుకోడా? నాకు ఇప్పటికీ గుర్తే, ఒళ్ళంతా నల్లగా, మీద తెల్లచుక్కలు, నెత్తిన చిల్లుల కుండ. నేను మంచం కింద దూరినా.

అక్క: దూరనీ. మంచం మనదే కదా. బిడ్డ భయపడటం తప్పు కాదు, భయపడితే పోయేదానికి చోటు లేకపోవటం తప్పు. గుడి దగ్గర జనంలో మంచం ఎక్కడ తెస్తావు? చిన్నదాన్ని మటుకు చెవులు మూసి లోపలి గదిలో పెట్టేస్తా, మా వీధి చివర బాక్సులు పెట్టి కిటికీలు అదిరేట్టు వాయిస్తారు. దానికి ఇప్పుడే జాతర అక్కర్లేదు. పెరగనీ.

తమ్ముడు: మరి మంగళవారం? చెంప తొలగింపు? అమ్మవారి మట్టి ముఖం కళ్ళారా చూడాలని నాకు ఎంత ఆశో తెలుసా? ఆ మట్టి కొంచెం తెచ్చి పిల్లల నోట్లో...

అక్క: నోట్లో వద్దు, నుదుటికి పెట్టు. ఆ మట్టి కోసం జనం ఒకరిమీద ఒకరు పడతారు. అక్కడికి బిడ్డను తీసుకుపోయినావంటే నీతో మాట్లాడను. నువ్వూ, మరదలూ, నేనూ పోదాం. వార్డులో నైటు మార్పించుకున్నా. రాత్రికి పిలకాయలకు పెరుగన్నం పెట్టి నిద్రపుచ్చేసి బయల్దేరదాం, విశ్వరూపం చూసుకొని మట్టి తెచ్చుకుందాం. మధ్యలో లేచి అడిగితే అంబలి కలిపి ఫ్రిజ్‌లో పెట్టి ఉంటా.

తమ్ముడు: అడిగితే ఎవరు ఇస్తారు? అమ్మకు మోకాళ్ళు పట్టుకుపోయినాయి, చిన్నదాన్ని ఎత్తుకోలేదు. రాత్రంతా ఇద్దర్నీ చూసుకునేదెవరు?

అక్క: బావ.

తమ్ముడు: బావకు చెప్పినావా?

అక్క: ఇప్పుడు వింటా ఉండాడుగా.